వీధిలో కనబడితే నేరం

హైదరాబాద్ సంస్థానంలో 1329 ఫసలీలో, అంటే 1919లో, నపుంసకుల చట్టం వచ్చింది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ గద్దెనెక్కి అప్పటికి ఎనిమిదేళ్లు. ఆ తర్వాత సంస్థానం పోయింది, రాజ్యాంగం వచ్చింది, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది, 2014లో తెలంగాణ వేరైంది. చట్టం మాత్రం చెక్కుచెదరలేదు. మొదట ‘ఆంధ్రప్రదేశ్ (తెలంగాణ ప్రాంత)’ చట్టమని, తర్వాత తెలంగాణ చట్టమని పేరు మార్చుకుంటూ ఉండిపోయింది. 2023 జులై 6న తెలంగాణ హైకోర్టు కొట్టేసేనాటికి దాని వయసు 104 ఏళ్లు.

చట్టం చిన్నదే, సెక్షన్లు పట్టుమని పది కూడా ఉండవు. అయితే ఒక్కో మాటా ఆగి చదవాల్సిందే. నపుంసకులంటే ఎవరు? తమకు పుంసత్వం లేదని ఒప్పుకున్న మగవాళ్లు, లేదా వైద్య పరీక్షలో అలా తేలినవాళ్లు. మనిషి ఒప్పుకోకపోతే, డాక్టరు బట్టలు విప్పించి చూసి తేల్చాలి. పిల్లలను ఎత్తుకుపోతారనో, మగపిల్లల బీజాలు తీసేస్తారనో, ‘అసహజ’ నేరాలు చేస్తారనో అనుమానం ఉన్నవాళ్ల పేర్లు, నివాసాలు ప్రభుత్వ రిజిస్టర్‌లో రాయాలి. రుజువు అక్కర్లేదు, అనుమానం చాలు.

రిజిస్టర్‌లో పేరెక్కాక అసలు శిక్ష మొదలవుతుంది. ఆడవాళ్ల బట్టలు కట్టుకుని, నగలు పెట్టుకుని వీధిలో కనబడకూడదు. వీధిలోవాళ్లకు కనబడాలనే ఉద్దేశంతో మరోచోట ఉన్నా నేరమే. అంటే చీర కట్టి, చేతినిండా గాజులు వేసుకుని, సొంత ఇంటి అరుగు మీద కూర్చున్నా పోలీసులు పట్టుకెళ్లవచ్చు. బహిరంగంగా ఆడినా, వాయించినా అంతే. అరెస్టుకు వారంటు అక్కర్లేదు. శిక్ష రెండేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. పదహారేళ్లలోపు మగపిల్లవాణ్ని ఇంట్లో ఉంచుకుంటే దానికీ జైలే.

ఇంట్లో బిడ్డ పుడితే, పెళ్లయితే హిజ్రాలు వచ్చి డోలక్ మీద పాడి, ఆడి, దీవించి కానుక తీసుకుంటారు. దాన్నే బధాయి అంటారు. చీర, పాట, ఆట లేకుండా బధాయి లేదు. ఆ మూడింటినీ నేరం చేసిన చట్టం వాళ్ల వేషంతోపాటు నోటి దగ్గర కూడును కూడా లాగేసుకుంది.

ఈ ఆలోచన నిజాం ప్రభుత్వానిది కాదు. దీని మూలం ఉత్తరాదిలో, ఇప్పటి ఉత్తరప్రదేశ్‌లోని మైన్‌పురీలో ఉంది. 1852లో అక్కడ భూరా అనే హిజ్రాను ఎవరో చంపేశారు. చనిపోయిన మనిషి కోసం మొదలైన విచారణ క్రమంగా హిజ్రాలందరి మీదా విచారణగా మారిపోయింది. వీళ్లు పాలనకు లొంగని జనమని, నీతికి ముప్పని బ్రిటిష్ అధికారులు రాసుకున్నారు. ఆ కాలపు ప్రభుత్వ పత్రాలను తవ్వితీసిన చరిత్రకారిణి జెస్సికా హించీ, హిజ్రాలు మెల్లగా లేకుండా పోవాలన్నదే ఆ పాలకుల కోరిక అని చూపించారు. అరెస్టు చేస్తే ఆ ఒక్కరే జైలుకు పోతారు. వేషం, పాట, ఆట, చేలాలు (శిష్యులు) లేకుండా చేస్తే ఒక తరంతో ఆ సమూహమే అంతరిస్తుందని వాళ్ల లెక్క.

ఆ లెక్కే 1871 నేరస్థ జాతుల చట్టంలో రెండో భాగమైంది. మొదటి భాగం సంచార జాతుల మీద, రెండోది ‘నపుంసకుల’ మీద. రిజిస్టర్లు, చీర మీద నిషేధం, రెండేళ్ల జైలు, పదహారేళ్లలోపు పిల్లవాడు, అన్నీ అందులోనివే. పేరెక్కినవాళ్లు వీలునామా రాయడానికి, దానం ఇవ్వడానికి, దత్తత తీసుకోవడానికి కూడా అక్కడ వీల్లేదు. గురువు ఆస్తి చేలాకు దక్కే సంప్రదాయం మీద వేసిన దెబ్బ అది. 1911లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ జాతులకు కొత్త చట్టం తెచ్చినప్పుడు అందులో ఈ నపుంసకుల భాగం లేదు. బ్రిటిష్ ఇండియా వదిలేసిన ఎనిమిదేళ్లకు హైదరాబాద్ దాన్ని, కీలకమైన సెక్షన్లలో దాదాపు అవే మాటలతో, తలకెత్తుకుంది.

నగరానికి హిజ్రాలు కొత్తవాళ్లు కారు. హైదరాబాద్ హిజ్రాల్లో ‘షహర్‌వాలా’, ‘లష్కర్‌వాలా’ అని రెండు పెద్ద ఇళ్లున్నాయి. షహర్ అంటే పాతనగరం, లష్కర్ అంటే సికింద్రాబాద్. బోనాలకు జనం నోట వినబడే లష్కరే అది. ఒక్కో ఇంటికి పెద్ద నాయక్, కింద గురువులు, వాళ్ల కింద చేలాలు. కన్నవాళ్లు గెంటేసిన పిల్లకు ఇక్కడ అమ్మ, అమ్మమ్మ, అక్క దొరుకుతారు. 1990లలో ఈ నగర హిజ్రాల మధ్య గడిపి 2005లో పుస్తకం రాసిన మానవ శాస్త్రవేత్త గాయత్రి రెడ్డి, వాళ్ల జీవితాన్ని అర్థం చేసుకోవడానికి తాళంచెవి ‘ఇజ్జత్’ (గౌరవం) అనే మాట అంటారు. రిజిస్టర్ తీసుకున్నదీ ఆ ఇజ్జత్‌నే.

స్వాతంత్ర్యం వచ్చాక 1952లో నేరస్థ జాతుల చట్టం రద్దయింది, సంచార జాతులు విముక్త జాతులయ్యాయి. హైదరాబాద్ చట్టం సంస్థానం చేసిన వేరే చట్టం కాబట్టి ఆ రద్దు దీన్ని తాకలేదు. జనగణనలో ఆడ, మగ కాకుండా ‘ఇతరులు’ అనే గడి 2011లో గాని రాలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ గడిలో లెక్కకొచ్చినవాళ్లు 43,769 మంది. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టులో జస్టిస్ కె.ఎస్. రాధాకృష్ణన్, జస్టిస్ ఎ.కె. సిక్రీ నల్సా (జాతీయ న్యాయ సేవల ప్రాధికార సంస్థ) కేసులో తీర్పు చెప్పారు. తన లింగం ఏమిటో చెప్పుకునే హక్కు మనిషిదేనని, డాక్టరుది కాదని తేల్చారు. ట్రాన్స్‌జెండర్లను వెనుకబడిన తరగతులుగా గుర్తించి విద్యలో, ఉద్యోగాల్లో రిజర్వేషన్ ఇవ్వమన్నారు. అదే ఏడు పుట్టిన తెలంగాణకు వారసత్వంగా వచ్చిన చట్టాల్లో మాత్రం డాక్టరు పరీక్ష, రిజిస్టర్, జైలు ఉన్నాయి.

ఈ పొంతనలేనితనాన్ని న్యాయస్థానానికి తీసుకెళ్లిన మనిషి వైజయంతి వసంత మొగిలి. హైదరాబాద్‌కు చెందిన ట్రాన్స్ మహిళ, సమాచార హక్కు చట్టం ఎరిగిన కార్యకర్త, తెలంగాణ హిజ్రా ఇంటర్‌సెక్స్ ట్రాన్స్‌జెండర్ సమితి ఉద్యమంలో ముందు నిలబడిన గొంతు. 2018లో హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం పడింది. వాదన సూటిగా ఉంది: చేసిన పనిని బట్టి కాక, పుట్టుకను బట్టి, వేసుకున్న బట్టను బట్టి మనిషిని నేరస్థుణ్ని చేసే చట్టం రాజ్యాంగం ముందు నిలవదు.

ఆ ఏడాదే మే నెలలో, పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకార్లు చెలరేగాయి. హైదరాబాద్‌లోని చాంద్రాయణగుట్టలో ఒక గుంపు ట్రాన్స్ మహిళల మీద పడింది. ఒకరు చనిపోయారు. కొట్టినవాళ్లలో 1329 ఫసలీ చట్టం చదివినవాళ్లు ఉండరు. కానీ ‘వీళ్లు పిల్లలను ఎత్తుకుపోతారు’ అనే అపవాదును సర్కారు ముద్రతో తరాలపాటు నిలబెట్టింది ఆ చట్టమే. రాళ్లు పట్టుకున్న చేతులకు, రిజిస్టర్ రాసిన చేతులకు మధ్య వందేళ్ల దూరమున్నా అనుమానం ఒక్కటే.

అదే ఏడాది సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు, స్వలింగ సంబంధాలను నేరంగా చూసే 377 సెక్షన్‌కు కళ్లెం వేసింది. అదే నెలలో హైకోర్టు నపుంసకుల చట్టం అమలును ఆపింది. తుది తీర్పుకు మరో ఐదేళ్లు పట్టింది. ఈలోగా 2020 జనవరిలో ట్రాన్స్‌జెండర్ల హక్కుల కేంద్ర చట్టం అమల్లోకి వచ్చింది. అందులో ట్రాన్స్ వ్యక్తిని కొట్టినా, లైంగికంగా హింసించినా పెద్ద శిక్ష రెండేళ్లే. చీర కట్టుకున్నందుకు నిజాం చట్టం వేసిన శిక్షా రెండేళ్లే. ఈ రెండూ మూడేళ్లకు పైగా ఒకే రాష్ట్రంలో పక్కపక్కనే ఉన్నాయి.

2023 జులై 6న ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఉజ్జల్ భుయాన్, జస్టిస్ సి.వి. భాస్కర్ రెడ్డి తీర్పు చెప్పారు. సమానత్వాన్ని చెప్పే 14వ అధికరణానికి, గౌరవంగా బతికే హక్కునిచ్చే 21వ అధికరణానికి ఆ చట్టం విరుద్ధమన్నారు. అది వాళ్ల ఏకాంతంలోకి చొరబడుతోందని, ఒక సమూహం మొత్తాన్ని నేరస్థులుగా చూస్తోందని, ఏకపక్షమని తేల్చి కొట్టేశారు. అక్కడితో ఆగకుండా నల్సా తీర్పు ప్రకారం విద్యలో, ప్రభుత్వోద్యోగాల్లో రిజర్వేషన్‌కు, ఆసరా పింఛన్లకు చర్యలు తీసుకోవాలని ప్రభుత్వాన్ని ఆదేశించారు. తీర్పులో ఈ భాగమే ముఖ్యం. శిక్ష పోయినంత మాత్రాన కూడు రాదు. చదువు మధ్యలో ఆగిపోయి, ఇల్లు అద్దెకు దొరక్క, పని ఇచ్చేవాళ్లు లేక సిగ్నళ్ల దగ్గర చేయి చాచే బతుకును కోర్టు ఒక్క కొట్టివేతతో మార్చలేదు.

2024 డిసెంబరు మొదటి వారంలో గోషామహల్ పోలీసు మైదానంలో ట్రాఫిక్ సహాయకుల నియామకానికి దేహదారుఢ్య పరీక్షలు జరిగాయి. ఎనిమిది వందల మీటర్ల పరుగు, వంద మీటర్ల పరుగు, లాంగ్‌జంప్, షాట్‌పుట్. వచ్చిన 44 మంది ట్రాన్స్‌జెండర్లలో 39 మంది ఎంపికయ్యారు. శిక్షణ పూర్తయ్యాక వాళ్లు యూనిఫాం వేసుకుని హైదరాబాద్ కూడళ్లలో, నడివీధిలో, ట్రాఫిక్ పోలీసుల పక్కన నిలబడ్డారు.