సైనైడ్ వాడని బంగారు శుద్ధి: పర్యావరణ ప్రభావాలు

ఖనిజం నుంచి సైనైడ్ లేకుండా బంగారం తీయడానికి చాలా దారులున్నాయి. నీళ్లతో కడిగి బరువును బట్టి వేరుచేయడం, పాదరసంతో పట్టడం, వెలిగారంతో కరిగించడం, థయోసల్ఫేట్, థయోయూరియా, క్లోరిన్ వంటివాటితో ద్రావణంగా మార్చడం వీటిలో ముఖ్యమైనవి. సైనైడ్ పద్ధతికి గ్లాస్గోలో మెకార్థర్, ఫారెస్ట్ సోదరులు పేటెంట్ తీసుకున్నది 1887లో. అంతకు ముందు లోకంలో తీసిన బంగారమంతా సైనైడ్ లేనిదే. అది శుభ్రంగా వచ్చిందని మాత్రం అనలేం.

ఈ పద్ధతుల్ని కృష్ణా నది ఒడ్డునున్న సోమశిల నుంచి చూద్దాం. సోమశిలలో బంగారు గని లేదు. అయితే కృష్ణ వెంట ఎగువకు పోతే రాయచూరు జిల్లాలో హట్టి గని ఉంది. అక్కడ నడిచేది సైనైడ్ పద్ధతే. గద్వాల ప్రాంతపు పాత శిలల్లోనూ భూగర్భ శాస్త్రవేత్తలు బంగారం కోసం వెతికారు. జూరాల దాటి వచ్చిన కృష్ణ సోమశిల దగ్గర శ్రీశైలం జలాశయంలో నెమ్మదించి, తెచ్చిన ఒండ్రును దింపేస్తుంది. అందుకే ఈ నది ఒడ్డున ఏ పద్ధతినైనా తూచాల్సింది అడుగు బురదలో ఏం మిగులుతుందన్న లెక్కతోనే.

ఆ లెక్కలో అన్నిటికంటే చెడ్డది పాదరసం. పిండి చేసిన రాయిలో పాదరసం కలిపితే బంగారపు నలుసులు దానికి అంటుకుంటాయి. ఆ ముద్దను గుడ్డలో వేసి పిండి, మంట మీద పెడతారు. 357 డిగ్రీల దగ్గర పాదరసం ఆవిరైపోతుంది, బంగారం మిగులుతుంది. ఆ ఆవిరి ముందు పొయ్యి దగ్గర కూర్చున్నవాళ్ల ఊపిరితిత్తుల్లోకి, తర్వాత నేల మీదికి, నీళ్లలోకి చేరుతుంది. బురదలోని సూక్ష్మజీవులు దాన్ని మిథైల్ పాదరసంగా మారుస్తాయి. చిన్న చేప నుంచి పెద్ద చేపకు, అక్కడినుంచి మనిషికి అది పేరుకుంటూ పోతుంది. చేపల కూర కోసమే జనం వెతుక్కుంటూ వచ్చే సోమశిల లాంటి చోట ఇది చిన్న విషయం కాదు. సైనైడ్ ప్రాణాంతకమే, 2000లో రొమేనియాలోని బాయా మారే నుంచి పొంగిన సైనైడ్ నీళ్లు తీసా నదిలో చేపల్ని చంపేశాయి. అయినా అది ఎండకు, గాలికి క్రమంగా విరిగిపోతుంది. పాదరసం విరగదు. పాదరసాన్ని కట్టడి చేసే అంతర్జాతీయ మినమాటా ఒప్పందం 2017లో అమల్లోకి వచ్చింది ఈ కారణంతోనే.

వెలిగారం మన కంసాలులకు కొత్తది కాదు. బంగారం కరిగేది 1,064 డిగ్రీల దగ్గర. వెలిగారం వేస్తే మలినాలు తేలిగ్గా కరిగి విడిపోతాయి. ఫిలిప్పీన్స్‌లోని బెంగ్వెట్‌లో చిన్న గనికార్మికులు ఈ కిటుకుతోనే పాదరసాన్ని వదిలేశారు. కాకపోతే ముందు నీళ్లతో కడిగి బంగారాన్ని చిక్కగా చేసుకోవాలి. క్వార్ట్జ్‌తో పోలిస్తే బంగారం ఏడు రెట్లు బరువు కాబట్టి ముతక నలుసులు అడుగున నిలుస్తాయి. సన్నవి నీళ్లతో పోతాయి, ఆర్సెనిక్ ఖనిజాల లోపల ఇరుక్కున్నవి ఇలా విడిపడవు.

థయోసల్ఫేట్‌కు పేరు బాగుంది. నెవాడాలోని గోల్డ్‌స్ట్రైక్ గనిలో బారిక్ కంపెనీ 2014లో దాన్ని పెద్ద ఎత్తున వాడింది. అక్కడి రాయిలో కార్బన్ ఉండి సైనైడ్ సరిగా పనిచేయకపోవడమే అందుకు ప్రధాన కారణం, ప్రకృతి మీద ప్రేమ కాదు. సాధారణంగా ఈ పద్ధతికి తోడుగా వాడే అమ్మోనియా, రాగి రెండూ చేపలకు విషాలే. థయోయూరియాకు ఆమ్లం కావాలి. ఆమ్లం బంగారంతో పాటు ఇతర లోహాల్నీ కరిగించి తెస్తుంది. క్లోరిన్ విష వాయువు. మొక్కజొన్న పిండి నుంచి చేసే సైక్లోడెక్స్ట్రిన్‌తో బంగారాన్ని అవక్షేపించే పద్ధతిని 2013లో అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో కనుగొన్నారు. అందులోనూ ముందుగా బంగారాన్ని బ్రోమిన్ లాంటి దానితో కరిగించాల్సిందే.

ఇక రసాయనం ఏదైనా మారనిది రాతిపొడి. టన్ను రాయికి 2 గ్రాముల బంగారం వస్తే, పది గ్రాముల తులానికి 5 టన్నుల రాయి పిండి కావాలి. అందులో దాదాపు అంతా పొడిగానే మిగులుతుంది. రాయిలో గంధకం ఉంటే ఆ పొడికి గాలి, వాన తగిలి ఆమ్లపు నీళ్లు ఊరతాయి, ఆర్సెనిక్ వదులవుతుంది. 2001లో మూతబడిన కోలార్ గనుల పక్కన సుమారు 3.3 కోట్ల టన్నుల పొడి దిబ్బలుగా నిలిచింది. చుట్టుపక్కల వాళ్లు వాటిని సైనైడ్ దిబ్బలనే అంటారు. గాలి లేచినప్పుడు ఊరి మీద ఎక్కువగా పడేది సైనైడ్ కాదు, మెత్తటి రాతిదుమ్ము.