బెంచ్ టెక్నికల్ ఫౌల్

బాస్కెట్‌బాల్‌లో కోర్టు మీద ఆడుతున్న ఐదుగురు కాక, బెంచ్ మీద ఉన్న సబ్‌స్టిట్యూట్లు, కోచ్‌లు, ఐదు ఫౌళ్లతో ఆట ముగిసినవారు, జట్టు సిబ్బంది అనుచితంగా ప్రవర్తిస్తే విధించే ఫౌల్.

అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య (ఫిబా) నిబంధనల ప్రకారం సబ్‌స్టిట్యూట్ స్కోరర్ బల్ల దగ్గరికి వచ్చి నిలబడినంత మాత్రాన ఆటగాడు కాడు; రిఫరీ లోపలికి రమ్మని సైగ చేశాకే అవుతాడు. సైగకు ముందు అతను రిఫరీని దూషిస్తే స్కోర్‌షీట్‌లో హెడ్ కోచ్ వరుసలో ‘బి’ అని రాస్తారు. అది జట్టు ఫౌళ్లలో కలవదు. అదే మాట సైగ తర్వాత అంటే, ఆటగాడి టెక్నికల్ ఫౌల్‌ను సూచించే ‘టి’ అతని పేరిటే పడుతుంది. అతని ఐదు ఫౌళ్లలోనూ, జట్టు లెక్కలోనూ చేరుతుంది. రెండు సందర్భాల్లోనూ ప్రత్యర్థికి దక్కేది ఒక్క ఫ్రీ త్రోనే. మూడు ‘బి’లు పడితే మాత్రం, తాను నోరు మెదపకపోయినా, కోచ్ బయటికి వెళ్లాల్సిందే. కఠినంగా కనిపించినా, బెంచ్‌ను అదుపులో ఉంచే బాధ్యత కోచ్‌దే కాబట్టి ఇది న్యాయమైన ఏర్పాటే. విరామ సమయాల్లో లెక్క మారుతుంది: అప్పుడు ఆడే అర్హత ఉన్నవారంతా ఆటగాళ్లే, ఎవరి ఫౌల్ వారిదే.

అమెరికా హైస్కూల్ నిబంధనల్లో ఫౌల్ తప్పు చేసిన సబ్‌స్టిట్యూట్ పేరిటా, పరోక్షంగా కోచ్ పేరిటా పడుతుంది. ప్రత్యర్థికి రెండు ఫ్రీ త్రోలు, బంతి దక్కుతాయి.

కొట్లాట జరిగేటప్పుడు బెంచ్ దాటడం వేరే నేరం. ఫిబా ఆటల్లో రిఫరీలకు సాయంగా వచ్చే హెడ్ కోచ్, మొదటి అసిస్టెంట్ కోచ్ తప్ప ఎవరు కోర్టులోకి వచ్చినా బహిష్కరణే. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో కనీసం ఒక మ్యాచ్ సస్పెన్షన్, 50,000 డాలర్ల వరకు జరిమానా. ఎన్‌బీఏ ఈ విషయంలో గట్టిపడటానికి మూలంగా సాధారణంగా 1993 మార్చి 23న ఫీనిక్స్‌లో జరిగిన గొడవను చెబుతారు. గాయం వల్ల ఆడకుండా మామూలు దుస్తుల్లో ఉన్న న్యూయార్క్ ఆటగాడు గ్రెగ్ ఆంథొనీ, బెంచ్ నుంచి దూసుకొచ్చి ఫీనిక్స్ ఆటగాడు కెవిన్ జాన్సన్‌ను కొట్టాడు. 1994 ప్లేఆఫ్స్‌లో చికాగోలో జరిగిన ఘర్షణను కూడా దీనితో కలిపి చూడటమే సబబు.

బెంచ్ దాటకూడదన్న ఎన్‌బీఏ నియమం ఉద్దేశాన్ని పట్టించుకోదు. 2007 మే 14న శాన్ ఆంటోనియోలో ఆ జట్టు ఆటగాడు రాబర్ట్ హారీ ఢీకొట్టడంతో ఫీనిక్స్ ఆటగాడు స్టీవ్ నాష్ పడిపోయాడు. ఫీనిక్స్ బెంచ్ మీదున్న అమారె స్టౌడమైర్, బోరిస్ డియా కొన్ని అడుగులు ముందుకు వచ్చి, ఎవరినీ తాకకుండానే వెనుదిరిగారు. అయినా ఇద్దరికీ ఒక్కో మ్యాచ్ సస్పెన్షన్ తప్పలేదు. 2–2తో సమంగా ఉన్న ప్లేఆఫ్స్ సిరీస్‌లో వాళ్లు లేని ఐదో మ్యాచ్‌ను శాన్ ఆంటోనియో 88–85తో, తర్వాత సిరీస్‌ను 4–2తో గెలిచింది.