ఆంగ్లంలో క్రూరత్వవాచక విశేషణాలు: అర్థాపకర్ష చరిత్ర

ఒక సమాజం ఏ పనులను దుర్మార్గమని ఎంచిందో తెలుసుకోవడానికి దాని శిక్షాస్మృతులు ఆధారం. ఎవరిని దుర్మార్గులని ఎంచిందో తెలుసుకోవడానికి దాని విశేషణాలు అంతకంటే మంచి ఆధారం. ఆంగ్లభాషలో దుష్టత్వాన్నీ క్రూరత్వాన్నీ తెలిపే విశేషణాలు విస్తారంగా ఉన్నాయి. వ్యుత్పత్తిని బట్టి చూస్తే వాటిలో రెండు వర్గాలు స్పష్టంగా కనిపిస్తాయి. మొదటివి పని స్వభావాన్నో దాని వెనుక ఉన్న మనోవృత్తినో తెలిపేవి. రెండవవి మొదట మనిషి పుట్టుకనో నివాసాన్నో తెలిపి, కాలక్రమంలో నైతికనిందగా మారినవి. ఈ రెండవ వర్గం ఏర్పడిన తీరును, దాని పర్యవసానాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పనిని తెలిపే విశేషణాలు

మొదటి వర్గానికి 'క్రూయెల్' ప్రధానమైన ఉదాహరణ. ఇది లాటిన్ 'క్రూదేలిస్' నుండి ఫ్రెంచి ద్వారా 13వ శతాబ్దిలో ఆంగ్లంలో ప్రవేశించింది. లాటిన్‌లో 'క్రూదుస్' అంటే పచ్చిది. 'క్రువోర్' అంటే గాయం నుండి కారిన నెత్తురు. సంస్కృత 'క్రూర' శబ్దమూ, పచ్చిమాంసాన్ని తెలిపే వైదిక 'క్రవిస్' శబ్దమూ ఇదే ఇండో-యూరోపియన్ మూలానికి చెందినవి. కనుక 'క్రూయెల్'ను 'క్రూర' అని అనువదించినప్పుడు మనం సమానార్థకాన్నే కాక, ఆ మాటకు దూరపు జ్ఞాతిని కూడా వాడుతున్నాం. రెండు చోట్లా మూలంలో ఉన్నది నెత్తురు. అంటే క్రూరుడి కులగోత్రాల ప్రసక్తి లేదు, జరిగిన హింస ఉంది.

'రూత్‌లెస్'లోని 'రూత్' జాలిని తెలిపే పాత మాట. జాలిని తెలిపే మాట వాడుక నుండి దాదాపు తొలగిపోగా, జాలి లేకపోవడాన్ని తెలిపే మాట నిలిచింది. 'నెఫేరియస్' దైవవిధికి విరుద్ధమైనదాన్ని తెలిపే లాటిన్ పదం నుండి వచ్చింది. 'హీనస్'కు మూలం ద్వేషాన్ని తెలిపే ఫ్రెంచి పదం. ధ్వనిసామ్యం ఉన్నా సంస్కృత 'హీన' శబ్దంతో దీనికి సంబంధం లేదు.

మనిషిని తెలిపే విశేషణాలు

తెలుగు సినిమా ప్రేక్షకులందరికీ తెలిసిన 'విలన్' రెండవ వర్గానికి చెందినది. లాటిన్ 'విల్లా' అంటే భూస్వామి వ్యవసాయక్షేత్రం. ఆ క్షేత్రంలో పనిచేసే వాడు 'విల్లానుస్'. మధ్యయుగ ఇంగ్లండులో ప్రభువు భూమికి కట్టుబడి, అనుమతి లేకుండా దానిని విడిచిపోలేని రైతును 'విలెన్' అన్నారు. 1381 నాటి రైతుల తిరుగుబాటులో ముఖ్యమైన కోరిక ఈ కట్టుబానిసత్వం రద్దు కావాలన్నదే. ఆ వ్యవస్థ క్రమంగా నశించింది కాని, దాని పేరు నశించలేదు. రైతు మొదట మొరటువాడయ్యాడు, తరువాత నీచుడయ్యాడు, చివరకు దుర్మార్గుడయ్యాడు. 'మీన్' చరిత్ర కూడా ఇటువంటిదే. మొదట 'అందరికీ ఉమ్మడి అయినది' అని అర్థమిచ్చిన ఈ మాట సామాన్యుడికి, అటుపై అల్పుడికి, ఆధునికకాలంలో పరులను బాధపెట్టేవాడికి చెల్లింది. 'సావేజ్'కు మూలం అడవికి చెందినదనే అర్థం గల లాటిన్ పదం. 'బార్బరస్' గ్రీకు మాట్లాడని పరాయివాడిని తెలిపే మాట నుండి పుట్టింది.

దీనికి ఎదురుదిశలో 'నోబుల్', 'జెంటిల్' అనే పదాలు ఉన్నతవంశంలో జన్మించడాన్ని తెలిపి, తరువాత ఔదార్యానికీ మృదుత్వానికీ పేర్లయ్యాయి. సి.ఎస్. లూయిస్ 1960లో వెలువరించిన పదచరిత్ర గ్రంథంలో, అంతస్తును తెలిపే పదాలు శీలాన్ని తెలిపే పదాలుగా మారడాన్ని ఒక సాధారణ ధోరణిగా గుర్తించాడు. ఒకే సమాజంలో పైవారి పేర్లకు అర్థోత్కర్ష, కిందివారి పేర్లకు అర్థాపకర్ష కలిగినప్పుడు దానిని యాదృచ్ఛికమని భావించలేం. రాతను చేతిలో ఉంచుకున్న వర్గాల దృష్టి అందులో ప్రతిఫలించింది.

శాసనాల్లో విశేషణం

ఈ భేదం నిఘంటువులకే పరిమితం కాలేదు. 1689 నాటి ఆంగ్ల హక్కుల శాసనం క్రూరమైన, అసాధారణమైన శిక్షలను నిషేధించింది. ఆ నిషేధం 1791లో అమెరికా రాజ్యాంగ సవరణలో చేరింది. ఇక్కడ 'క్రూయెల్' పనికి విశేషణం. రాజ్యం చేసే హింసకే అది హద్దు గీసింది. 1776 నాటి అమెరికా స్వాతంత్ర్య ప్రకటనలో రెండు వర్గాలూ పక్కపక్కనే కనిపిస్తాయి. రాజును నిందించేటప్పుడు అతని చేష్టలను ఒక్కొక్కటిగా పేర్కొన్న ఆ ప్రకటన, స్థానిక జాతులను మాత్రం 'సావేజ్' అనే జాతివాచకంతో పేర్కొంది.

భారతదేశంలో 1871 నాటి నేరస్థ జాతుల చట్టం ఇదే తర్కాన్ని పాలనావిధానంగా మార్చింది. నేరాన్ని తెలిపే విశేషణాన్ని అది జాతికి తగిలించింది. 1911 చట్టంతో ఈ విధానం మద్రాసు రాజధానికీ విస్తరించగా, తెలుగునాట ఎరుకలవారు దాని పాలయ్యారు. స్టువార్టుపురం సెటిల్‌మెంటు ఆ చరిత్రకు సాక్ష్యం. 1952లో చట్టం రద్దయింది. విశేషణం తెచ్చిన అపకీర్తి అంత త్వరగా రద్దు కాలేదు.

తెలుగు వాడుక

తెలుగులో 'గ్రామ్యం' అలంకారశాస్త్రంలో కావ్యదోషంగా, గ్రాంథిక వ్యావహారిక వివాదంలో భాషానిందగా నిలిచింది కాని, 'విలన్' వలె దుర్మార్గానికి పేరు కాలేదు. అయితే హత్యలను, దాడులను నేటి రచనల్లో 'ఆటవికం', 'అనాగరికం' అనడం సర్వసాధారణం. నగరంలో నగరవాసి చేసిన హింసకు కూడా అడవి పేరే పెడుతున్నాం. 'సావేజ్' చరిత్ర తెలిసినవారికి ఇందులోని అన్యాయం విశదమే.

కనుక ఆంగ్ల-తెలుగు నిఘంటుకర్తలు, అనువాదకులు ఇటువంటి పదాలకు అర్థంతోపాటు అర్థవిపరిణామక్రమాన్నీ సూచించడం అవసరం. 'క్రూరం', 'నిర్దయం', 'ఘాతుకం' వంటి మాటలు పనిని పట్టి చూపుతాయి. రెండవ వర్గం పదాలు పనిని మరుగుపరచి మనిషిని పట్టి ఇస్తాయి. ఏ మాటను ఎన్నుకుంటామో దానినిబట్టి నింద చేరే చోటు మారుతుంది.