కొరివి కారం: జాడీలో దాచిన చరిత్ర

గుంటూరు అంటే మిర్చి అంటాం కదా. కానీ 1500కి ముందు ఇక్కడి వంటల్లో మిరపకాయే లేదు! అప్పట్లో కారం అంటే ముఖ్యంగా మిరియాలే. అవి మలబారు వైపు నుంచి రావాలి, డబ్బు పెట్టి కొనాలి.

అమెరికా ఖండంలో పుట్టిన మిరపని 16వ శతాబ్దంలో పోర్చుగీసు వాళ్లు మన దేశానికి తెచ్చారు. ఇది మన దొడ్లోనే కాసింది. అంటే, కారం పేదోడి చేతికొచ్చింది.

ఇక కొరివి కారం. పండుమిరపకాయలు, ఉప్పు, చింతపండు రోట్లో తొక్కి జాడీకెత్తితే ఏడాదంతా ఉంటుంది. కావాల్సినప్పుడు కాస్త తీసి, మెంతిపిండి కలిపి, వెల్లుల్లి పోపు పెడితే చాలు. వేడన్నం, నెయ్యి... అంతే!

మనం దీన్ని మీల్ ప్రెప్ అంటున్నాం. పగలంతా చేలో కాయలు కోసొచ్చిన ఆడవాళ్లకి మళ్లీ పొయ్యి దగ్గర గంట నిలబడే ఓపిక ఎక్కడిది? ఆ జాడీయే వాళ్లని ఆదుకుంది. మీ అమ్మమ్మని ఓసారి అడగండి.