బరువు మోయని వాసములు

ఏలూరునకు ఉత్తరముగా సుమారు 40 కిలోమీటర్ల దూరమున, కామవరపుకోట ప్రాంతమున, జీలకఱ్ఱగూడెము చెంత గుంటుపల్లి గుహలు కలవు. క్రీస్తుకు పూర్వము 2వ శతాబ్ది ప్రాంతమున బౌద్ధభిక్షువులకై అచ్చటి కొండను తొలిచి విహారములను, ఒక గుండ్రని చైత్యగృహమును ఏర్పఱచిరి. చైత్యగృహము నడుమ స్తూపము, దానిచుట్టు ప్రదక్షిణమార్గము. తలయెత్తి చూచినచో నడినెత్తినుండి అంచులవఱకు దిగివచ్చు రాతివాసములు కానవచ్చును. వానిపై తాటాకు లేదు. కొండయే కప్పైనచోట వాసమునకు పనియేమి? అయినను శిల్పి వానిని ఒక్కొక్కటిగా చెక్కినాడు.

కోస్తాసీమలోని చుట్టిల్లు నెఱిగినవారికి అది క్రొత్త దృశ్యము కాదు. తుపానుగాలికి చిక్కు మూలలు లేని ఆ యింట వాసములు గొడుగుపుల్లలవలెనే పరచుకొనియుండును. బీహారులోని బరాబరు కొండలందు అశోకుని కాలపు గుహలలోను గుడిసెరూపమే కలదు గనుక, కఱ్ఱపనిని రాతికెక్కించుట నాటి వాడుకయని చెప్పి ఊరకుండవచ్చును. మాకు ఆ సమాధానము చాలదు. ఇంటివాసమును చూచిన గృహస్థు చెదపట్టినదా, ఈ వానకాలము ఆగునా యని తలపోయును. గుహలోని వాసమును గూర్చి అట్టి చింత యెవ్వరికిని కలుగదు. పని తొలగిపోయెను, రూపము నిలిచెను.

ఈ భేదమునే షాజహాను కొలువున నున్న తెలుగువాడు జగన్నాథపండితరాయలు రసగంగాధరమున విచారించెను. నీకు కొడుకు పుట్టెనన్నను, ధనమిచ్చెదనన్నను వినువానికి ఆనందమే. కాని అది రమణీయత కాదనియు, రమణీయత యిచ్చు ఆహ్లాదము లోకోత్తరమనియు ఆయన నిర్ణయము. దానికి హేతువు భావన, అనగా ఒకదానినే మరల మరల మనస్సున నిలుపుకొనుట. స్వప్రయోజనాపేక్ష లేని సంతోషమే సౌందర్యానుభవమని జర్మనీలో కాంటు 1790లో వ్రాసెను. మనవాడు అంతకు నూరేండ్లకు పైగా ముందటివాడు.

ఇక మెదడుశాస్త్రము. 2004లో లండనులో కవబాటా, జెకీ అను శాస్త్రజ్ఞులు కొందఱికి చిత్రపటములు చూపి, వారు సుందరములనిన పటములను చూచునప్పుడు కనుగూళ్ళకు పైనుండు ముందుమెదడు భాగమున చలనము హెచ్చుటను యంత్రముతో గుర్తించిరి. మెచ్చదగిన పని. అయితే రుచిగల భోజనమునకు, ధనలాభమునకు కూడ ఆ ప్రాంతమే స్పందించునని ఇతర పరిశోధనలు తెలుపుచున్నవి. కొడుకు పుట్టెనను వార్తను, కావ్యమును పండితరాయలు వేఱు చేసెను గదా! ఆ చోటు వెలుగుట మాత్రమే చూచి వానిని వేఱు చేయుట యెట్లు? యంత్రమున పడుకొన్నవానికి పటము కనబడునది కొన్ని క్షణములే. మరల మరల నిలుపుకొను భావనకు అచ్చట తావెక్కడిది? మెదడులో చోటు తెలిసినంత మాత్రమున సౌందర్యరహస్యము బయల్పడెనని చెప్పువారి తొందరను మేము అంగీకరింపజాలము.

అదే శాస్త్రమునుండి వచ్చిన మఱియొక ఫలితము మాకు ఇంతకంటె విలువైనదిగా తోచుచున్నది. 2009లో కర్కు మొదలగువారు ఒకే తీరు చిత్రములలో కొన్ని చిత్రశాలనుండి తెచ్చినవనియు, కొన్ని కంప్యూటరు కల్పించినవనియు చెప్పి చూపిరి. చిత్రశాలవన్నవాటినే జనులు ఎక్కువగా మెచ్చిరి. మెదడులోని చలనమును తదనుగుణముగనే మాఱెను. అనగా కంటికి ముందే ఎఱుక పనిచేయుచున్నది. వాసన, అనగా పూర్వసంస్కారము, లేనివాడు నాటకశాలలో గోడవంటివాడని మన ఆలంకారికులు ఎన్నడో యన్నారు.

గుంటుపల్లి విషయమున ఈ మాట కేవలము శాస్త్రచర్చ కాదు. కోస్తాలో చుట్టిండ్లు అరుదైపోవుచున్నవి. కొల్లేటి లంకలలోను తాటాకు కప్పులుండినచోట స్లాబులు లేచినవి. అగ్నిభయము, తుపానుభయము తగ్గినందుకు సంతోషింపవలసినదే. పేదవాడు మన కనుపండువకై కాఱు కప్పుక్రింద నుండవలెనని మేమనము. కాని స్లాబు క్రింద పెరిగిన బాలునికి ఆ గుహలోని వాసములు వట్టి రాతిగీతలుగా తోచును. రాయి చెడలేదు, దానిని చూచు కన్ను మాత్రము ఒక్క తరములో మాసిపోవచ్చును. ఏలూరు, తాడేపల్లిగూడెము పాఠశాలలనుండి పిల్లలను గుంటుపల్లికి తీసికొనిపోవు ఉపాధ్యాయులు, కొండ యెక్కుటకు ముందు వారిని ఏదేనొక పూరింట కూర్చుండబెట్టి కప్పువంక చూపింపవలెను. పురాతత్త్వశాఖవారు ఆ కొండక్రిందనే ఒక చుట్టిల్లు కట్టించి, ఏటేట నేయించుచుండిన మఱియు మేలు. దానికగు వ్యయము స్వల్పము, నేయ నేర్చినవారు ఇంకను కొందఱున్నారు.