కేప్ టౌను తీపికారపు కైమా

మాంసములో జామ్ కలుపుదురన్న శ్రోతలకు వింతగా తోచవచ్చును. దక్షిణాఫ్రికాలోని కేప్ టౌనున ‘బొబోటీ’ యను వంటకము అట్టిదే. గోమాంసపు కైమాను ఉల్లిపాయలతో పెనముమీద వేయించి, పసుపు, మసాలాపొడి, వెనిగరు, ఆప్రికాట్ జామ్, ఎండుద్రాక్ష, పాలలో నానిన రొట్టె చేర్చుదురు. పెనముమీది పని త్వరగానే ముగియును. పిదప గ్రుడ్లు, పాలు గిలకొట్టి పైన పోసి ఓవెనులో కాల్చుదురు.

కొందరు దీనిని డచ్చివారి వంటకమందురు. మేమంతటితో ఊరకుండజాలము. 1652లో డచ్చి ఈస్టిండియా కంపెనీవారు కేప్‌లో స్థావరము నెలకొల్పిన పిదప, ఇండోనీషియా దీవులనుండి, మలబారు, బంగాళములనుండి, 1605 నాటికే వారి వర్తకము నాటుకొన్న మచిలీపట్నము గల మన కోరమాండలు తీరమునుండియు మనుష్యులను బానిసలుగా కొనిపోయిరి. ‘బెంగాలువాడు’ అను రీతిగా వచ్చిన చోటే పలువురికి ఇంటిపేరయ్యెను. కన్నవారిడిన పేరు పోయెను. దొరల వంటయిండ్లలో మసాలా నూరినది వీరే. 1834లో బానిసత్వము రద్దయినను, ‘శిక్షణ’ యను నెపమున మరి నాలుగేండ్లు పాత యజమానుల కొలువు తప్పలేదు. రొట్టె, పాలు దొరలవి కావచ్చును. పసుపును, మసాలాను వారి ఖాతాలో వ్రాయుట మాకు సమ్మతము గాదు.

బో-కాప్ పేటలోని ఆ బానిసల సంతతివారు నేటికిని దీనిని పసుపన్నముతో వడ్డించెదరు. అందును ఎండుద్రాక్ష తగులును.