రాజ్యాంగానికి తాళం: జర్మనీ నుంచి బనారస్ మీదుగా

నేను ఇంతకుముందు పనిచేసిన ఒక కంపెనీలో ఒకాయనకి సర్వర్ మీద ఫుల్ అడ్మిన్ యాక్సెస్ ఉండేది. ఒక రాత్రి ఆయన పొరపాటున అడ్మిన్ల లిస్టునే డిలీట్ చేసేశాడు. సిస్టమ్ అడ్డం చెప్పలేదు. ఎందుకు చెప్తుంది, ఆయనకి పర్మిషన్ ఉంది కదా! ఇవాళ్టి కథ కూడా అలాంటిదే. కాకపోతే ఇక్కడ సర్వర్ బదులు దేశాలు.

1965 ఫిబ్రవరి. బనారస్ హిందూ యూనివర్సిటీ లా ఫ్యాకల్టీలో ఒక జర్మన్ లెక్చర్ ఇస్తున్నాడు. పేరు డీటర్ కాన్రాడ్, హైడెల్‌బెర్గ్ యూనివర్సిటీ సౌత్ ఏషియా ఇన్‌స్టిట్యూట్ మనిషి. ఆయన అడిగిన ప్రశ్నలు వింటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. మీ పార్లమెంటుకి మూడింట రెండొంతుల మెజారిటీ ఉంటే, ప్రాణానికీ స్వేచ్ఛకీ రక్షణ ఇచ్చే ఆర్టికల్ 21ని సవరణతో ఎత్తేయొచ్చా? మెజారిటీ తగ్గిపోతున్న పార్టీ, ఇకమీదట రాజ్యాంగాన్ని ప్రధాని సలహాతో రాష్ట్రపతే మార్చుకోవచ్చని రాసేసుకోవచ్చా? మళ్ళీ మొఘల్ చక్రవర్తినో, ఇంగ్లండ్ కిరీటాన్నో తెచ్చి కూర్చోబెట్టొచ్చా?

ఆయన ఊరికే భయపెట్టడం లేదండీ. వాళ్ళ దేశంలో అలాంటిది నిజంగానే జరిగింది. 1933 మార్చి 23న జర్మన్ పార్లమెంటు ఒక చట్టం పాస్ చేసింది. పార్లమెంటుతో పని లేకుండా, రాజ్యాంగానికి విరుద్ధంగా అయినా సరే, హిట్లర్ ప్రభుత్వమే చట్టాలు చేసుకోవచ్చు అని. అనుకూలంగా 444 ఓట్లు, వ్యతిరేకంగా 94. ఆ 94 సోషల్ డెమోక్రాట్లవి. కమ్యూనిస్టు సభ్యుల్ని అప్పటికే జైల్లో పెట్టారు, లేదా వాళ్ళు అజ్ఞాతంలోకి పోయారు. కాగితం మీద మాత్రం మూడింట రెండొంతుల రూల్ పాటించినట్టే.

అందుకే 1949లో కొత్త రాజ్యాంగం రాసుకున్నప్పుడు ఆర్టికల్ 79లో మూడో క్లాజ్ పెట్టారు. మనిషి గౌరవం, ప్రజాస్వామ్యం, రాష్ట్రాల వ్యవస్థ లాంటి మూలసూత్రాల్ని ఎంత మెజారిటీ ఉన్నా ముట్టుకోకూడదు. దీన్ని ఎటర్నిటీ క్లాజ్ అంటారు. ఈ క్లాజ్ 1933లోనే ఉంటే హిట్లర్ ఆగేవాడా? నాకైతే డౌటే. ఓటింగ్ జరిగిన హాల్లోనే యూనిఫాం వేసుకున్న నాజీ దళాలు నిలబడి ఉంటే ఏ క్లాజ్ ఆపుతుంది చెప్పండి.

సరే, మన దగ్గరికొద్దాం. మన రాజ్యాంగంలో ఇలాంటి తాళం రాసి లేదు. కానీ కాన్రాడ్ వాదన ఎం.కె. నంబియార్ అనే లాయర్ చేతికి చేరింది. పంజాబ్‌లో 500 ఎకరాలకు పైగా భూమి ఉన్న గోలక్‌నాథ్ కుటుంబం కేసులో, ఆయన దాన్ని సుప్రీంకోర్టు ముందు పెట్టారు. అప్పుడు చీఫ్ జస్టిస్ ఎవరో తెలుసా? మన రాజమండ్రి మనిషి, కోకా సుబ్బారావు గారు. 1967 ఫిబ్రవరిలో 6-5 తేడాతో, పార్లమెంటు ప్రాథమిక హక్కుల్ని తగ్గించలేదని తీర్పొచ్చింది. కాన్రాడ్ వాదనలో బలం ఉందన్నారు గానీ, దాని మీద తేల్చలేదు. వేరే దారిలో వెళ్ళారు.

తేలింది 1973 ఏప్రిల్ 24న, కేశవానంద భారతి కేసులో. 13 మంది జడ్జిలు, 7-6. పార్లమెంటు ఏ ఆర్టికల్‌నైనా సవరించొచ్చు, కానీ మౌలిక స్వరూపాన్ని మాత్రం పాడుచెయ్యకూడదు. ఆ ఏడుగురిలో మన హైదరాబాద్ జడ్జి పి. జగన్మోహన్ రెడ్డి గారు ఒకరు. జస్టిస్ ఖన్నా అయితే తన తీర్పులో కాన్రాడ్‌ని పేరు పెట్టి మరీ ప్రస్తావించారు. రెండేళ్ళకే దీని అవసరం పడింది. ఎమర్జెన్సీలో, ప్రధాని ఎన్నిక మీద కోర్టులు విచారణ చెయ్యకుండా రాజ్యాంగ సవరణ తెచ్చారు. 1975 నవంబర్‌లో సుప్రీంకోర్టు ఆ ముక్కని కొట్టేసింది. 1989లో బంగ్లాదేశ్ సుప్రీంకోర్టు కూడా ఇదే సిద్ధాంతాన్ని పట్టుకుంది.

ఇక్కడిదాకా హ్యాపీ స్టోరీ. ఇప్పుడు అసలు గొడవ, యూరప్‌లో ప్రొఫెసర్లు ఇప్పటికీ కొట్టుకుంటున్నది.

యూరోపియన్ యూనియన్ కోర్టు 1964 నుంచీ ఒకటే చెప్తోంది: మా చట్టం సభ్యదేశాల చట్టం కంటే పైన. 2009లో లిస్బన్ ఒప్పందం మీద తీర్పిస్తూ జర్మన్ రాజ్యాంగ కోర్టు ఏమందంటే, సరే, కానీ 79(3)లో ఉన్నది మా రాజ్యాంగ ఐడెంటిటీ, దాన్ని యూనియన్ కూడా ముట్టుకోకూడదు, ముట్టుకుందో లేదో చూసేది మేమే. అంటే సొంత పార్లమెంటుకి వేసిన తాళాన్ని ఇప్పుడు బయటి గేటుకి కూడా వేశారు.

ఆ తాళం డిజైన్‌ని హంగరీ కూడా తీసుకుంది. 2016లో శరణార్థుల్ని దేశాల మధ్య పంచే విషయంలో, అక్కడి రాజ్యాంగ కోర్టు అదే 'ఐడెంటిటీ' మాట వాడింది. తేడా ఏంటంటే, 2010లో గెలిచిన ఓర్బన్ పార్టీ ఆ కోర్టు జడ్జిల సంఖ్యని 11 నుంచి 15కి పెంచి, కొత్తవాళ్ళని తానే ఎంచుకుంది. 2021 అక్టోబర్‌లో, నియామకాల మీదే వివాదం ఉన్న పోలాండ్ రాజ్యాంగ కోర్టు, యూనియన్ ఒప్పందంలోని కొన్ని భాగాలు తమ రాజ్యాంగానికి విరుద్ధం అంది.

కెలెమెన్, పెష్ అనే ఇద్దరు ప్రొఫెసర్లు, ఈ ఐడెంటిటీ వాదన నియంతలకి దొరికిన ఆయుధం అంటారు. అవతలి వాళ్ళు, దొంగ కూడా తాళం వాడతాడని ఇంటికి తాళం మానేస్తామా అంటారు. నాకు మొదట్లో రెండోవాళ్ళే కరెక్ట్ అనిపించింది. హంగరీ సంగతి చదివాక అంత ధీమాగా చెప్పలేకపోతున్నా. సవరణ బాగుందా లేదా అన్నది తర్వాత. ముందు ఆ జడ్జిని ఎవరు కూర్చోబెట్టారో చూడాలి. మన దగ్గర కొలీజియం గొడవ కూడా అందుకే ఇంత వేడిగా ఉంటుంది. 2015లో జడ్జిల నియామక కమిషన్‌ని కొట్టేసింది కూడా ఈ మౌలిక స్వరూపం పేరు మీదే కదా.

ఇంతకీ 1964 నాటి ఆ 'మా చట్టమే పైన' తీర్పు వెనకున్నది ఒక కరెంటు బిల్లు. మిలాన్‌లో కోస్టా అనే లాయర్, 1,925 లీరల బిల్లు కట్టను పో అన్నాడు. ఆ కథ నెక్స్ట్ ఎపిసోడ్‌లో. ఉంటానండీ.